జీతంలో సూపర్‌వైజర్‌కి వాటా ఇవ్వాలా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది హిందూపురం దగ్గర పల్లెటూరు. డిసెంబర్ 2025లో బెంగళూరు వచ్చి, మారతహళ్ళిలో ఒక అపార్ట్‌మెంట్‌లో కాంట్రాక్టర్ కింద హౌస్‌కీపింగ్ పనిలో చేరాను. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా డ్యూటీ. బ్యాంకులో గవర్నమెంటు రేటు ప్రకారమే జీతం పడుతుంది. మర్నాడే సూపర్‌వైజర్ మూడు వేలు క్యాష్‌గా తిరిగి తీసుకుంటాడు. ఇవ్వకపోతే డ్యూటీ లేదంటాడు. చేరేటప్పుడు కన్నడంలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. "నువ్వే ఒప్పుకున్నావు కదా, ఆంధ్రా వాళ్ళకి ఇక్కడి రూల్స్ వర్తించవు" అంటున్నాడు. మేం ఆరుగురు ఆడవాళ్ళం ఇలాగే ఇస్తున్నాం. మా డబ్బు అడగొచ్చా?

జవాబు: అడగొచ్చమ్మా, అడగాలి కూడా. ముందు మీ సొంతూరి సంగతి. కనీస వేతనం పని చేసే చోటును బట్టి ఉంటుంది, పుట్టిన ఊరిని బట్టి కాదు. బెంగళూరులో పని చేస్తే బెంగళూరు రేటు మీది.

ఆ సంతకం గురించి టెన్షన్ పడకండి. 21 నవంబర్ 2025 నుంచి వేతనాల కోడ్ అనే కేంద్ర చట్టం అమల్లోకి వచ్చింది. తక్కువ జీతానికి ఒప్పుకున్నట్టు కార్మికులతో ఏం రాయించుకున్నా ఆ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం చెల్లదు. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీ అవుతుందని సుప్రీంకోర్టు 1982లో, మళ్ళీ 1983లో చెప్పింది.

ఇక అసలు విషయం. జీతం బ్యాంకులో వేశాం కాబట్టి కాగితం మీద తప్పు దొరకదని కాంట్రాక్టర్ ధైర్యం. కానీ కార్మికురాలు యజమానికి గానీ, అతని తరఫు మనిషికి గానీ ఇచ్చే డబ్బును జీతంలో కోతగానే లెక్కించాలని అదే కోడ్ 18వ సెక్షన్ చెబుతోంది. సూపర్‌వైజర్ ఆ తరఫు మనిషే. పీఎఫ్, అడ్వాన్సు, పనికి రాని రోజులు, ఇలా ఏ కోతలు చెల్లుతాయో కూడా ఆ సెక్షన్‌లోనే రాసి ఉంది. సూపర్‌వైజర్ వాటా వాటిలో లేదు. అంటే నెలకు మూడు వేల చొప్పున మీకు ఇంకా బాకీ ఉన్నట్టే.

జీతం చెల్లించానని రుజువు చేసుకోవాల్సింది యజమానే. అయితే అతను బ్యాంకు లెక్క చూపిస్తాడు, క్యాష్ సంగతి మీరే చూపించాలి. ఈ కేసుల్లో కష్టమంతా ఇక్కడే. ఆరుగురి పాస్‌బుక్కులూ పక్కపక్కన పెట్టండి. జీతం పడిన మర్నాడే అందరూ అదే మొత్తం తీసినట్టు కనిపిస్తే అది గట్టి ఆధారం. అతను పంపిన వాట్సాప్ మెసేజ్‌లు, వాయిస్ మెసేజ్‌లు చెరిపేయకండి. తేదీ, మొత్తం ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఏటీఎం కార్డు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి.

పన్నెండు గంటల డ్యూటీ గురించి మీరు అడగలేదు, కానీ అదీ పెద్ద బాకీయే. ఎనిమిది గంటలు దాటిన ప్రతి గంటకూ రెట్టింపు రేటు రావాలి. అర్జీలో అదీ రాయండి.

బన్నేరుఘట్ట రోడ్డులోని కార్మిక భవన్‌కు వెళ్ళి, మీ ప్రాంతం ఏ లేబర్ ఆఫీసర్ కిందికి వస్తుందో అడగండి. ఆరుగురూ కలిసి ఒకే అర్జీ పెట్టవచ్చు. గడువు మూడేళ్ళు ఉంది కానీ అంత ఆగకండి. బాకీతో పాటు దానికి పది రెట్ల దాకా పరిహారం ఇప్పించే అధికారం ఆ అధికారికి ఉంది. కాంట్రాక్టర్ కట్టకపోతే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ బాధ్యత వహించాలి, అందుకే అర్జీలో అసోసియేషన్ పేరూ చేర్చండి. కన్నడం రాదని వెనకాడకండి. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. 15100కి ఫోన్ చేయండి, లేదా సిద్ధయ్య రోడ్డులో న్యాయ దేగుల అనే భవనంలోని న్యాయ సహాయ ఆఫీసుకు వెళ్ళండి.

ఉద్యోగం పోదని నేను మాట ఇవ్వలేను. తీసేస్తే మాత్రం రెండు పనిదినాల్లో మొత్తం జీతం లెక్క తేల్చాలి. అందుకే అర్జీ పెట్టేదాకా సూపర్‌వైజర్‌తో గొడవ పడకండి. ఆఫీసుకు ఇద్దరు వెళ్తే చాలు. మిగతా నలుగురి సంతకాలూ పాస్‌బుక్ కాపీలూ తీసుకెళ్ళండి, అర్జీ ఇచ్చినట్టు స్టాంపు వేసిన కాపీ అడిగి తీసుకోండి.