పాత లాన్ ట్రాక్టర్: బాగుచేయించాలా, మార్చేయాలా?

ప్రశ్న: మా లాన్ ట్రాక్టర్‌ (ఎక్కి నడిపే గడ్డి కోత యంత్రం) కొని పదిహేనేళ్లయింది. సింగిల్ సిలిండర్ ఇంజన్, హైడ్రోస్టాటిక్ గేర్‌బాక్స్ (పంపు తోసే ఆయిల్‌తో మోటారు తిరిగి చక్రాలను నడిపే రకం). ఈమధ్య నీలం పొగ వదులుతోంది. అరగంట నడిచాక ఎత్తు ఎక్కడం లేదు. డెక్ (బ్లేడ్లను కప్పే రేకు గుల్ల) అడుగున తుప్పు పట్టింది. మెకానిక్ ఇంజన్ పోయిందంటున్నాడు. దీనిమీద ఇంకా డబ్బు పెట్టొచ్చా?

జవాబు: పొగ చూసి ఇంజన్ పోయిందనుకోకండి. ముందు డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన వస్తూ ఆయిల్ మట్టం గీత దాటి ఉంటే, కార్బురేటర్‌లో ఫ్లోట్ నీడిల్ (పెట్రోలు రాకను ఆపే సూది) సరిగా మూసుకోక పెట్రోలు ఆయిల్‌లోకి దిగుతోందన్నమాట. ఆ ఆయిల్‌తో ఇంజన్ నడపొద్దు. నీడిల్, ఆయిల్, ఫిల్టర్ మార్చి చూడండి. పొగ అక్కడితో ఆగిపోవచ్చు.

ఆగకపోతే నా అనుమానం హెడ్ గాస్కెట్ (సిలిండర్‌కీ దాని పైమూత హెడ్‌కీ మధ్య ఉండే పలచటి అతుకు) మీద. ఓవర్‌హెడ్ వాల్వ్ సింగిల్ సిలిండర్ ఇంజన్లలో సిలిండర్‌కీ పుష్‌రాడ్ల (వాల్వులను తెరిచే కడ్డీల) గదికీ మధ్య గాస్కెట్ సన్నగా ఉంటుంది. అక్కడ కాలిపోతే కంప్రెషన్ (సిలిండర్‌లోని ఒత్తిడి) ఆయిల్ ఉండే క్రాంక్‌కేస్‌లోకి దూరి, ఆయిల్‌ను అక్కడి గాలి బయటికి పోయే బ్రీదర్ గొట్టం గుండా కార్బురేటర్ వైపు తోస్తుంది. అదే నీలం పొగ. దీన్ని చూసి పిస్టన్ రింగులు అరిగాయనుకుని మంచి ఇంజన్లు పారేసేవాళ్లు ఎందరో. కంప్రెషన్ గేజ్‌ను నమ్ముకోవద్దు. ఈ ఇంజన్లలో స్టార్టింగ్ తేలిగ్గా ఉండేందుకు కొంత ఒత్తిడిని వదిలేసే కంప్రెషన్ రిలీజ్ ఉంటుంది కాబట్టి గేజ్ తక్కువే చూపిస్తుంది. లీక్‌డౌన్ పరీక్ష చేయించండి: పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్‌లో పైకి తెచ్చి, క్రాంక్ తిరగకుండా పట్టుకుని, ప్లగ్ రంధ్రంలోంచి గాలి పంపాలి. సైలెన్సర్‌లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వ్, కార్బురేటర్‌లో అయితే ఇన్‌టేక్ వాల్వ్. ఆయిల్ పోసే మూత దగ్గరైతే రింగులో గాస్కెటో. ఈ రెంటిలో ఏదో తేలాలంటే హెడ్ విప్పాల్సిందే. గాస్కెట్ మీద సిలిండర్ నుంచి పుష్‌రాడ్ల వైపు నల్లటి చార కనిపిస్తే బతికిపోయారు. గాస్కెట్ చవక.

అసలు చిక్కు ఎత్తు ఎక్కకపోవడం. చల్లగా ఉన్నప్పుడు బాగా లాగి, వేడెక్కాక నీరసిస్తే పంపు, మోటారు లోపల అరిగి, పలచబడ్డ ఆయిల్ జారిపోతోందన్నమాట. అయినా అది తేల్చే ముందు చవక కారణాలు చూడండి. డ్రైవ్ బెల్టు సాగిందా, బెల్టును బిగువుగా ఉంచే ఐడ్లర్ స్ప్రింగ్ పట్టు ఉందా, ట్రాక్టర్‌ను చేత్తో తోసేందుకు గేర్‌బాక్స్‌ను వదిలించే ఫ్రీవీల్ లివర్ సగంలో ఆగిందా, గేర్‌బాక్స్ మీది ఫ్యాన్ రెక్కలు విరిగాయా, వాటి చుట్టూ గడ్డి పేరుకుందా? మాన్యువల్ ఒప్పుకుంటే ఆయిల్ మార్చి, గాలి తీసేయండి: వెనక చక్రాలు నేలకు ఆనకుండా లేపి, ట్రాక్టర్ కదలకుండా కట్టుదిట్టం చేసి, ఇంజన్ నడుస్తుండగా ఫ్రీవీల్ లివర్ తెరిచి, పెడల్‌ను ముందుకూ వెనక్కూ ఐదారుసార్లు నెమ్మదిగా నొక్కాలి. లివర్ మూసి మళ్లీ అలాగే చేయాలి. దేనికీ లొంగకపోతే గేర్‌బాక్స్ మొత్తం మార్చాలి. మీ ట్రాక్టర్ ఇప్పటి విలువలో సగానికి మించి దానికే అయ్యేట్టుంటే ఆగిపోండి.

డెక్‌కు స్క్రూడ్రైవర్ చాలు. ప్లగ్ వైరు, బ్యాటరీ తీసేసి, అడుగున గడ్డి గీకి, స్పిండిల్ (బ్లేడ్ తిరిగే ఇరుసు) బోల్టుల చుట్టూ పొడిచి చూడండి. అంచున చిల్లులు పడితే ప్లేటు వేసి వెల్డింగ్ చేయొచ్చు. బోల్టుల దగ్గర స్క్రూడ్రైవర్ రేకులోకి దిగిపోతే మాత్రం అతుకు నిలవదు, బ్లేడ్ల అదురు అంతా అక్కడే పడుతుంది. బ్లేడ్ కొస పట్టుకుని ఊపితే కదలడం బేరింగుల పని, అది చిన్న రిపేరే.

డెక్ గట్టిగా ఉండి గాస్కెట్ ఒక్కటే పోతే నిస్సందేహంగా బాగుచేయించండి. గేర్‌బాక్స్, డెక్ రెండూ పోతే మాత్రం, ఇంజన్ ఎంత బాగున్నా మార్చేయండి.

ప్రశ్న: ఇంజన్ ఒక్కటే కొత్తది బిగించొచ్చా?

జవాబు: బిగించొచ్చు. నిలువు షాఫ్ట్ వ్యాసం, పొడవు, కీ గాడి పాతదానితో సరిపోవాలి. చాలావాటికి వ్యాసం 25.4 మి.మీ. సైలెన్సర్ ఏ వైపు వస్తుందో, స్టార్టర్ వైరింగ్ కలుస్తుందో చూశాకే ఆర్డర్ ఇవ్వండి. పాత ఇంజన్ కవరు మీద చెక్కిన మోడల్, టైప్, కోడ్ నంబర్లు మూడూ రాసుకెళ్లండి. మోడల్ ఒక్కటి చెబితే వేరే షాఫ్ట్ ఉన్నది అంటగట్టే ప్రమాదముంది.