కొట్టంలో దొరికిన కొయ్య గిన్నె

చిరంజీవి అల్లుడికి,

మీ పాత కొట్టం అటక మీద దొరికిన కొయ్య గిన్నె ఫొటోలు చూశాను. దీపపు సెమ్మె అని ఒకరు, గుడి సామాను అని ఇంకొకరు అన్నారని రాశావు. పాత సామాన్లు కొనేవాడు అప్పుడే రేటు కూడా చెప్పాడన్నావు. తొందరపడొద్దు నాయనా, అదేమిటో తేలకముందు ఎవరి చేతికీ ఇవ్వకు.

అన్నిటికంటే ముందు, దాన్ని కడగొద్దు. నీళ్ళు, వార్నిష్, గరుకు కాగితం ఏవీ దాని దగ్గరికి రానివ్వకు. మెత్తటి బ్రష్‌తో పైపైన దుమ్ము దులిపితే చాలు. అది ఏ పని చేసిందో చెప్పేవి దాని మీది అరుగుళ్ళే. మూలల్లో ఇరుక్కున్న మట్టిలో ఒక్క జొన్న గింజ దొరికినా సగం జవాబు దొరికినట్టే. దొరికితే పొట్లం కట్టి దాచు.

అడుగున నాలుగు బొక్కలు కనిపిస్తున్నాయి కదా, టార్చి వేసి వాటి లోపలికి చూడు. దీపమైతే మసి, జిడ్డు పట్టి ఉండాలి. నీళ్ళు కారినవైతే చెక్క నల్లబడి మెత్తబడుతుంది. గింజ జారిన బొక్క మాత్రం లోపలంతా నున్నగా అరిగి ఉంటుంది. బొక్కలు నిలువుగా దిగాయా, ఏటవాలుగా బయటికి విచ్చుకున్నాయా అన్నది మరీ ముఖ్యం. విచ్చుకుని ఉంటే వాటిలో గొట్టాలు దూర్చేవారన్నమాట. గిన్నె మధ్యలో బొడిపె ఉందేమో వేలితో తడిమి చూడు. పడిన గింజలు నాలుగు వైపులా సమానంగా పోవడానికి అది పెట్టేవారు.

నా అంచనా ప్రకారం అది జడ్డిగం. విత్తే గొర్రుకు, అంటే ఎద్దులు లాగే పళ్ళున్న పనిముట్టుకు, పైన ఉండే గిన్నె. ఒక్కో బొక్కలో ఒక్కో వెదురు గొట్టం పైకొస దూర్చి, కింది కొసను గొర్రు పళ్ళలో దిగేసేవారు. ఎద్దులు గొర్రును లాగుతుంటే వెనక నడిచే మనిషి పిడికిట్లోంచి గింజలు వదులుతూ పోవాలి. మన వైపు ఆ పని ఎక్కువగా ఆడవాళ్ళే చేసేవారు. చెయ్యి తడబడితే సాలులో ఒకచోట గుంపుగా, ఒకచోట ఖాళీగా మొలుస్తుంది. అందుకే చెయ్యి బాగా తిరిగిన ఆమెకు విత్తనాల రోజుల్లో ఎంతో గిరాకీ. నాలుగు బొక్కలుంటే నాలుగు పళ్ళ గొర్రుది. ఇది చిన్న పనిముట్టు అనుకోకు. థామస్ హాల్కాట్ అనే ఇంగ్లీషు కెప్టెన్, విత్తే గొర్రు యూరప్ వాళ్ళ కొత్త ఆవిష్కరణ అనుకుంటూ ఉండి, దక్షిణాదిలో మన రైతుల చేతుల్లో దాన్ని చూసి ఆశ్చర్యపోయి రాశాడు. ఆ రాత 1797లో అచ్చయింది.

మేకుల్ని చూసి మాత్రం వయసు కట్టకు. పలకలుగా ఉన్న మేకు కమ్మరి చేత్తో కొట్టిందై ఉండొచ్చు, అంతే. ఊళ్ళో కమ్మరి కొలిమి మొన్నమొన్నటిదాకా నడిచింది కదా.

ఇక నా మాటే ఖాయం చేసుకోకుండా ఊళ్ళో అడుగు. "ఇది జడ్డిగమేనా?" అని అడిగితే మొహమాటానికి అవుననేస్తారు. పేరెత్తకుండా గిన్నెను చేతిలో పెట్టి ఊరుకో. విత్తిన మనిషైతే చెయ్యి దానంతటదే పిడికిలి పట్టి గిన్నె మీదికి పోతుంది. మొదట మీ జేజికి చూపించు. ఆమె చెప్పింది ఇంకొకరికి చెప్పకుండా, వడ్రంగి పని చేసిన పెద్దాయన ఎవరినైనా విడిగా అడుగు. ఇద్దరి మాటా కలిస్తే సందేహం లేదు. జేజి మాట్లాడేటప్పుడు ఫోన్‌లో రికార్డు చెయ్యి. ఏ గింజ ఏ కార్తెలో వేసేవారో కూడా అడుగు.

అటక మీద ఇంకోసారి వెతుకు. వెదురు గొట్టాలు పొయ్యిలోకి పోయి ఉండొచ్చు గానీ, పళ్ళు దిగేసే బొక్కలున్న పొడవాటి కొయ్య ఉంటుంది. దాన్ని కదిలించే ముందు ఉన్నచోటే ఫొటో తియ్యి. గిన్నె కింద సన్నటి పొడి రాలుతుంటే పుచ్చు పట్టిందన్నమాట, వేరే కొయ్య సామాన్లకు దూరంగా నీడలో పెట్టు. ఎండలో పెడితే పగులుతుంది. ఈసారి పంపే ఫొటోల్లో అడుగు భాగం, పక్కన స్కేలు పెట్టి తీసింది ఒకటి ఉండాలి.

ఇట్లు,
మీ మామ