తుంటి కీలుకు కీహోల్ సర్జరీ

ప్రశ్న: నా వయసు 32. బాసింపట్టు వేసుకుని కూర్చుంటే గజ్జల్లో కలుక్కుమంటోంది. ఎమ్మారైలో లేబ్రమ్ చిరిగిందన్నారు. కీలు మార్చాల్సి వస్తుందా?

జవాబు: మీ వయసులో కీలు మార్పిడి గురించి ఇప్పుడే బెంగపడకండి. తొడ ఎముక తల కింద ఎముక కాస్త ఎక్కువగా పెరిగి ఉంటే, కాలు ముడిచినప్పుడల్లా అది తుంటి గిన్నె అంచుకు ఒరుసుకుని, అక్కడి లేబ్రమ్ అనే రబ్బరులాంటి పట్టీని చింపుతుంది. ముందు కొన్ని వారాలు ఫిజియోథెరపీ చేయించుకుని, నేల మీద కూర్చోవడం మానండి. అప్పటికీ తగ్గకపోతే, కాలిని లాగి పట్టి కీలులో కాస్త ఖాళీ చేసి, రెండు మూడు చిన్న రంధ్రాల గుండా కెమెరానూ పరికరాలనూ పంపి, పెరిగిన ఎముకను అరగదీసి, చిరిగిన లేబ్రమ్‌ను కుడతారు. అయితే మృదులాస్థి బాగా అరిగి, ఎక్స్‌రేలో కీలు సందు 2 మిల్లీమీటర్లకు తగ్గితే ఈ సర్జరీ పెద్దగా ఫలించదు. గాటు చిన్నదైనా, పూర్తిగా కోలుకోవడానికి నెలలు పడుతుంది.