పాఠకుల సందేహాలు: యూఎస్‌బీ హబ్‌కు కరెంటు ఎవరు ఇస్తున్నారు?

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌కు రెండే పోర్టులు. నాలుగు పోర్టుల హబ్ కొని కీబోర్డు, మౌస్, వెబ్‌క్యామ్, పోర్టబుల్ హార్డ్‌డిస్కు తగిలించాను. హార్డ్‌డిస్కు కాసేపు టిక్కు టిక్కుమని మాయమైపోతోంది. నేరుగా ల్యాప్‌టాప్‌కు పెడితే మామూలుగా తెరుచుకుంటోంది. హబ్ పాడైందా, డిస్కు పాడైందా?

జవాబు: చాలామటుకు రెండూ బాగానే ఉండి ఉంటాయి. కరెంటే చాలడం లేదు. మీ హబ్‌కు విడిగా అడాప్టర్ లేదు కాబట్టి ల్యాప్‌టాప్ ఒక పోర్టుకు ఇచ్చేదాన్నే నాలుగు పరికరాలూ పంచుకోవాలి. యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీయాంప్‌లు, యూఎస్‌బీ 3.0 పోర్టు 900 మిల్లీయాంప్‌లు ఇవ్వాలన్నది ప్రమాణం. అడాప్టర్ లేని 2.0 హబ్ ఆ 500లో 100 తను వాడుకుని, మిగతా 400ను పోర్టుకు 100 చొప్పున పంచాలి. ఇలాంటి హబ్‌లు ఎక్కువగా నాలుగు పోర్టులతోనే రావడం వెనక ఉన్న లెక్క ఇదే. చవక హబ్‌లు ఈ పంపకాన్ని పట్టించుకోవు. అడిగినంత వదిలేస్తాయి, వోల్టేజీ పడిపోయేదాకా.

పోర్టబుల్ హార్డ్‌డిస్కు తిరగడం మొదలుపెట్టే రెండు మూడు క్షణాల్లో ఒక యాంప్ దాకా లాగగలదు. ఆ క్షణంలో 5 వోల్టులు దిగజారుతాయి, డిస్కు రీడ్ హెడ్‌ను వెనక్కి తీసుకుంటుంది, మళ్లీ ప్రయత్నిస్తుంది. మీకు వినిపించే టిక్కు అదే. నేరుగా పెట్టినప్పుడూ అదే శబ్దం వస్తే మాత్రం డిస్కునే అనుమానించాలి. ఏదైనా సరే, ఈ స్థితిలో ఫైళ్లు కాపీ చేయకండి. రాస్తున్న సమయంలో కరెంటు పోతే ఫైలే కాదు, ఒక్కోసారి ఫోల్డర్ల పట్టిక మొత్తం దెబ్బతింటుంది.

అడాప్టర్ ఉన్న హబ్, అంటే పవర్డ్ హబ్, తీసుకోండి. కొనేముందు కాగితం మీద ఒక కూడిక వేయండి. కీబోర్డుకు 100, మౌస్‌కు 100, వెబ్‌క్యామ్‌కు 500, డిస్కుకు 900, హబ్ సొంతానికి 200 వేసుకుంటే 1,800 మిల్లీయాంప్‌లు. దానికి పావు వంతు కలపండి, 2,250. అంటే 5 వోల్టులు, 2.5 యాంప్‌ల అడాప్టర్ మీకు చాలు. 3 యాంప్‌లుంటే నిశ్చింత. లైట్లు వెలిగే కీబోర్డులు 100తో సరిపెట్టుకోవు కాబట్టి పరికరం అడుగున ముద్రించిన అంకె చూడండి. లినక్స్ వాడేవారు టెర్మినల్‌లో ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ ఆదేశం వెనక ‘మైనస్ వీ’ కొడితే ప్రతి పరికరం ‘మ్యాక్స్‌పవర్’ అనే వరుసలో తను ఎంత అడుగుతోందో చెబుతుంది.

డబ్బా మీద పోర్టుల సంఖ్య చూసి మోసపోకండి, అడాప్టర్ మీది అంకె చూడండి. ఏడు పోర్టుల 3.0 హబ్‌లో అన్ని పోర్టులూ పూర్తిగా పనిచేయాలంటే 6.3 యాంప్‌లు, అంటే 31.5 వాట్లు కావాలి. అందుకే మంచి ఏడు పోర్టుల హబ్‌లు తరచుగా 12 వోల్టులు, 3 యాంప్‌ల అడాప్టర్‌తో వస్తాయి. అది 36 వాట్లు. లోపల 5 వోల్టులకు దించేటప్పుడు పది శాతం పోయినా సరిపోతుంది. అదే ఏడు పోర్టుల హబ్‌ను 5 వోల్టులు, 2 యాంప్‌ల అడాప్టర్‌తో అమ్ముతుంటే పోర్టుకు 300 మిల్లీయాంప్‌లు కూడా రావు. అందులో ఐదు పోర్టులు అలంకారానికే.

ప్రశ్న: పవర్డ్ హబ్ వచ్చింది. ఏది ముందు పెట్టాలి, ఏది తర్వాత?

జవాబు: ముందు అడాప్టర్, తర్వాత కంప్యూటర్ కేబుల్, చివర పరికరాలు. అడాప్టర్ పెట్టకముందే కంప్యూటర్‌కు కలిపితే కొన్ని హబ్‌లు తమకు సొంత కరెంటు లేదని కంప్యూటర్‌కు చెప్పుకుంటాయి. తర్వాత అడాప్టర్ పెట్టినా, కేబుల్ తీసి మళ్లీ పెట్టేదాకా అదే మాట మీద ఉంటాయి.

హబ్‌తో వచ్చిన కేబుల్‌నే వాడండి. కంప్యూటర్ వెనక, మదర్‌బోర్డు మీద నేరుగా ఉండే పోర్టుకు కలపండి. డెస్క్‌టాప్ ముందు భాగంలోని పోర్టులకు క్యాబినెట్ లోపల ఇంకో తీగ ఉంటుంది, సమస్యల్లో సగం అక్కడే పుడతాయి. 3.0 ప్లగ్గును ఒక్క ఊపున పూర్తిగా నెట్టండి. ఆ ప్లగ్గులో పాత 2.0 పిన్నులు ముందు తగులుతాయి, కొత్త పిన్నులు లోపల ఉంటాయి. మెల్లగా జొనిపితే కంప్యూటర్ దాన్ని 2.0గా గుర్తించి అక్కడే ఆగిపోవచ్చు. ‘కొత్త హబ్ నత్తనడక నడుస్తోంది’ అనే ఫిర్యాదుకు ఒక్కోసారి మందు ఇంతే: తీసి, గట్టిగా పెట్టడం.

తర్వాత పరికరాలను ఒక్కొక్కటిగా, మధ్యలో పది సెకన్లు ఆగి కలపండి. ఏది పెట్టగానే తేడా వచ్చిందో తెలుస్తుంది. హార్డ్‌డిస్కు ఆఖరున. కీబోర్డుకు వీలైతే కంప్యూటర్‌లోనే ఒక పోర్టు ఉంచండి. కొన్ని కంప్యూటర్లు ఆన్ అవుతూనే వచ్చే బయోస్ తెరలో హబ్ వెనక ఉన్న కీబోర్డును గుర్తించవు. ఏదైనా పాడై ఆ తెర తెరవాల్సి వచ్చిన రోజున అది తెలిస్తే చిరాకు.

ప్రశ్న: హబ్ అడాప్టర్ పోయింది. పాత వైఫై రూటర్ అడాప్టర్ పిన్ను సరిగ్గా పడుతోంది. వాడొచ్చా?

జవాబు: పిన్ను పట్టడం అంటే ఏమీ కాదు. ఒకే సైజు పిన్నుతో 5, 9, 12 వోల్టుల అడాప్టర్లు దొరుకుతాయి. రూటర్లకు ఎక్కువగా 9 లేదా 12 వోల్టులవి వస్తాయి. మీ హబ్ 5 వోల్టులదైతే ఆ 12 వోల్టులు చాలా హబ్‌లలో ఏ అడ్డూ లేకుండా పోర్టుల దాకా వెళ్తాయి. పెన్‌డ్రైవ్, డాంగిల్ (వైర్‌లెస్ మౌస్ లాంటివాటి చిన్న రిసీవర్), డిస్కు అన్నీ ఒకేసారి కాలిపోతాయి. కంప్యూటర్ పోర్టుకూ ప్రమాదమే.

హబ్ అడుగున, లేదా పిన్ను గూడు పక్కన వోల్టేజీ ముద్రించి ఉంటుంది. మూడు సరిపోవాలి. వోల్టేజీ అచ్చంగా అదే అంకె కావాలి. యాంప్‌లు ముద్రించినంత, లేదా అంతకు ఎక్కువ; ఎక్కువైతే నష్టం లేదు, హబ్ తనకు కావలసినంతే లాగుతుంది. మూడోది ధ్రువత: చిన్న వలయం బొమ్మలో మధ్య చుక్కకు ప్లస్ ఉందా మైనస్ ఉందా అన్నది. హబ్‌లలో దాదాపు ఎప్పుడూ మధ్యది ప్లస్సే, అయినా బొమ్మ చూడకుండా పెట్టకండి. హబ్ మీద ఏమీ రాసి లేకపోతే ఊహించవద్దు. మోడల్ నంబరుతో తయారీదారు పేజీలో వెతకండి.

ప్రశ్న: వైర్‌లెస్ మౌస్ డాంగిల్‌నూ బయటి డిస్కునూ ఒకే 3.0 హబ్‌లో పెట్టాను. డిస్కుకు కాపీ చేస్తున్నంతసేపూ మౌస్ బాణం గెంతుతోంది. అడాప్టర్ పెద్దది మార్చినా ఫలితం లేదు.

జవాబు: ఇది కరెంటు సమస్య కాదు, రేడియో సమస్య. 3.0 లైన్ల మీద 5 గిగాబిట్ల వేగంతో సంకేతాలు పరుగెత్తేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల రేడియో రొద పుడుతుంది. మీ మౌస్ మాట్లాడేదీ అదే 2.4లో. ఇంటెల్ 2012లోనే దీని మీద పత్రం వెలువరించింది. డిస్కు ఊరుకున్నప్పుడు మౌస్ బాగుండడం, కాపీ మొదలవగానే గెంతడం దీని ముద్ర.

డాంగిల్‌ను ఒక మీటరు పొడవున్న 2.0 ఎక్స్‌టెన్షన్ కేబుల్ చివర పెట్టి మౌస్ దగ్గరికి తెచ్చుకోండి. ఎక్స్‌టెన్షన్ 3.0ది కాకూడదు, డాంగిల్‌కు ఆ అదనపు తీగలతో పనే లేదు. డిస్కు కేబుల్ పైపొర షీల్డింగ్ బాగున్నది మారిస్తే ఇంకా మంచిది. వైఫై కూడా 2.4లోనే ఉంటే అదీ నెమ్మదించి ఉండొచ్చు. దాన్ని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చి చూడండి.

ప్రశ్న: పవర్డ్ హబ్‌లో రెండు వెబ్‌క్యామ్‌లు, ఒక యూఎస్‌బీ సౌండ్‌కార్డు. ఒక కెమెరా నడిస్తే రెండోది తెరుచుకోదు. ధ్వనిలో చిటపటలు. అడాప్టర్ 4 యాంప్‌లది, ఇంకా ఏం కావాలి?

జవాబు: అడాప్టర్ కరెంటును పెంచుతుంది గానీ డేటా దారిని వెడల్పు చేయదు. హబ్ నుంచి కంప్యూటర్‌కు వెళ్లేది ఒక్క కేబులే, అన్నీ దాంట్లోంచే పోవాలి. మీది 3.0 హబ్ అయినా సరే. దాని లోపల నిజానికి రెండు హబ్‌లు పక్కపక్కన ఉంటాయి, ఒకటి 3.0కు, ఒకటి 2.0కు. మామూలు వెబ్‌క్యామ్‌లు 2.0వి కాబట్టి అవన్నీ కలిసి పంచుకునేది 480 మెగాబిట్‌లే.

లెక్క చూడండి. 1920 గుణించు 1080 చుక్కలు, చుక్కకు 2 బైట్లు, సెకనుకు 30 ఫ్రేములు. సుమారు 124 మెగాబైట్లు, అంటే దాదాపు 1,000 మెగాబిట్‌లు. కుదించని వీడియో ఒక్క కెమెరాది కూడా 480లో పట్టదు. కెమెరాలు ఎంజేపెగ్ పద్ధతిలో కుదించి పంపుతాయి కాబట్టే పని జరుగుతోంది. అయితే చాలా కెమెరాలు అసలు వాడేదానికంటే ఎక్కువ దారిని ముందుగానే రిజర్వు చేసుకుంటాయి. మొదటి కెమెరా అలా కూర్చుంటే రెండోదానికి చోటుండదు. వీడియో ప్రోగ్రాం సెట్టింగుల్లో రెండింటికీ ఎంజేపెగ్ ఎంచుకుని, రిజల్యూషన్ 1280 గుణించు 720కు తగ్గించి చూడండి. అప్పటికీ కుదరకపోతే ఒక కెమెరాను కంప్యూటర్‌లోని వేరే పోర్టుకు మార్చండి. ఆ పోర్టు కూడా అదే కంట్రోలర్ (కంప్యూటర్ లోపల పోర్టులను నడిపే చిప్పు) కిందికి వస్తే ఫలితం ఉండకపోవచ్చు, అప్పుడు ఇంకో వైపు పోర్టు ప్రయత్నించండి.

సౌండ్‌కార్డు సంగతి వేరు. 12 మెగాబిట్‌ల పాత వేగంతో నడిచే పరికరాల మాటను 480 వేగానికి మార్చే ‘ట్రాన్సాక్షన్ ట్రాన్స్‌లేటర్’ అనే భాగం హబ్‌లో ఉంటుంది. చవక హబ్‌లో అన్ని పోర్టులకూ అది ఒక్కటే. సౌండ్‌కార్డు, కీబోర్డు, మౌస్, మిడి (సంగీతపు) కీబోర్డు అన్నీ ఆ ఒక్క దుబాసీ ముందు వరుస కట్టాలి. ‘మల్టీ టీటీ’ అని రాసిన హబ్‌లలో పోర్టుకొకటి ఉంటుంది. సంగీతం పని చేసేవారు ఆ మాట చూసి కొనాలి, లేదా సౌండ్‌కార్డును హబ్ జోలికి తీసుకురాకుండా నేరుగా కంప్యూటర్‌కు పెట్టాలి. మేం రెండోదానికే ఓటేస్తాం.

ప్రశ్న: కంప్యూటర్ ఆపేసినా మదర్‌బోర్డు మీద లైటు వెలుగుతోంది. హబ్ కేబుల్ తీస్తే ఆరిపోతోంది. దెయ్యమా?

జవాబు: దెయ్యం కాదు, ఎదురు ప్రవాహం. హబ్ అడాప్టర్ నుంచి వచ్చే 5 వోల్టులు కిందికి పరికరాలకే కాక పైకి కంప్యూటర్‌లోకీ వెళ్తున్నాయి. మధ్యలో ఉండాల్సిన అడ్డుకట్టను తయారీదారు మిగుల్చుకున్నాడు. రాస్ప్‌బెరీ పై లాంటి చిన్న కంప్యూటర్ బోర్డులకు ఇది మరీ ప్రమాదం. అసలు పవర్ తీసినా బోర్డు సగం ప్రాణంతో ఉండి, మెమరీ కార్డు పాడవుతుంది.

మల్టీమీటర్ ఉంటే తేల్చుకోవచ్చు. హబ్ కేబుల్‌ను కంప్యూటర్ నుంచి తీసి, అడాప్టర్ ఆన్‌లో ఉంచి, ఆ ప్లగ్గులో రెండు చివరల ఉన్న పిన్నుల మధ్య వోల్టేజీ కొలవండి. సున్నాకు దగ్గరగా ఉండాలి. 5కు దగ్గరగా చూపిస్తే హబ్ వెనక్కి ఇచ్చేయండి. ఆ ప్లగ్గులోని 5 వోల్టుల పిన్ను మీద టేపు అంటించే చిట్కా చాలామంది చెబుతారు. అవతల కంప్యూటర్ ఉందో లేదో కొన్ని హబ్‌లు ఆ పిన్నుతోనే తెలుసుకుంటాయి, టేపు వేస్తే అసలు మేలుకోవు. పైగా టేపు జారి పక్క పిన్నుల మీద జిగురు అంటుకుంటే పోర్టు పోతుంది.

ప్రశ్న: పావుగంట వదిలేసి వస్తే హబ్‌లోని స్కానర్, డిస్కు కనిపించవు. కేబుల్ తీసి పెడితే వస్తాయి. విండోస్ వాడుతున్నాను.

జవాబు: కరెంటు ఆదా కోసం విండోస్ ఆ పోర్టును నిద్రపుచ్చుతోంది, మీ హబ్‌కు నిద్ర లేవడం రావడం లేదు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. ‘యూనివర్సల్ సీరియల్ బస్ కంట్రోలర్స్’ కింద రూట్ హబ్, జెనెరిక్ హబ్ అని ఉన్న ప్రతిదాని ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో ఈ పరికరాన్ని ఆపడానికి కంప్యూటర్‌ను అనుమతించే టిక్కు తీసేయండి. పవర్ ఆప్షన్స్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో ‘సెలెక్టివ్ సస్పెండ్’ను డిసేబుల్ చేయండి. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ కొంచెం త్వరగా తరుగుతుంది.

ప్రశ్న: హబ్‌కు ఇంకో హబ్ తగిలించవచ్చా? కేబుల్ ఎంత పొడవుండొచ్చు?

జవాబు: వరుసగా ఐదు హబ్‌ల దాకా ప్రమాణం ఒప్పుకుంటుంది. ఏడు పోర్టుల హబ్‌లు కొన్ని లోపల రెండు నాలుగు పోర్టుల చిప్పుల జంటే, అవి రెండుగా లెక్క. మేమైతే రెండోదానితో ఆపుతాం, రెండూ పవర్డ్ అయితేనే. కేబుల్ 2.0కు 5 మీటర్లు, 3.0కు 3 మీటర్లు దాటించకండి. పొడవు కన్నా లావు ముఖ్యం. కేబుల్ మీద 28 ఏడబ్ల్యూజీ (తీగ లావు కొలత, అంకె పెరిగేకొద్దీ తీగ సన్నం) అని ఉంటే పవర్ తీగ సన్నం. 2 మీటర్ల కేబుల్‌లో అర యాంప్ పారితే రానూ పోనూ కలిపి 0.4 వోల్టుకు పైగా దారిలోనే పోతుంది. 24 ఏడబ్ల్యూజీ అయితే 0.17 వోల్టే. హబ్‌కూ డిస్కుకూ మధ్య కేబుల్ ఎంపికలో ఈ తేడా డిస్కు తిరగడానికీ టిక్కుమనడానికీ మధ్య ఉన్న తేడా కావచ్చు.