మిల్లు యజమాని రాసిన పరిశ్రమ చరిత్రను ఎంతవరకు నమ్మవచ్చు?

అమెరికా నేత మిల్లుల గురించి నేథన్ ఆపిల్టన్ 1858లో ప్రచురించిన చిన్న పుస్తకం నమ్మదగినదేనా, ఆయన ఆ మిల్లుల వాటాదారే కదా అని మీరు అడిగారు. యంత్రాల విషయంలోనూ లెక్కల విషయంలోనూ నిశ్చింతగా నమ్మవచ్చు. కార్మికుల విషయంలో మాత్రం ఆయన ఒక్కరినే చదివితే చాలదు.

మాది సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) నడిపిన కుటుంబం కనుక, అందులో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది మసాచుసెట్స్‌లోని టాంటన్ ఊళ్ళో జరిగిన బేరం. ఆ మిల్లులకు ఆద్యుడైన ఫ్రాన్సిస్ కాబట్ లోవెల్, ఆయన మెకానిక్ పాల్ మూడీ పేక (గుడ్డలో అడ్డంగా సాగే) నూలు చుట్టే యంత్రపు పేటెంట్ కోసం షెపర్డ్ అనే ఆయన దగ్గరికి వెళ్తారు. ఆయన ధర తగ్గించనంటాడు. వడికేటప్పుడే నూలును నేరుగా కండెకు (మగ్గపు నాడెలో పెట్టే చిన్న గొట్టానికి) ఎక్కించవచ్చేమో అని మూడీ అనగానే షెపర్డ్ దిగివస్తాడు, కానీ సమయం మించిపోయిందని లోవెల్ చెప్పేస్తాడు. మా ఇంట్లో ఆడవాళ్ళు పొద్దస్తమానం కండెలు చుట్టడం చూసిన నాకు, ఆ ఒక్క మాటతో ఎంత పని తప్పిందో వేరే చెప్పనక్కరలేదు. ఇలాంటి సంగతి లోపలివాడు తప్ప మరొకరు రాయలేరు.

లెక్కలూ అంతే. లోవెల్ 1813లో వాల్తమ్ ఊళ్ళో మొదలుపెట్టిన నేత కంపెనీలో తాను 5,000 డాలర్లే పెట్టానని, 1816లో గజం 30 సెంట్లు పలికిన గుడ్డ 1843 నాటికి ఆరున్నర సెంట్లకు దిగిందని ఆపిల్టన్ దాపరికం లేకుండా రాశారు. 1816 సుంకపు చట్టంలో దిగుమతి గుడ్డపై చదరపు గజానికి కనీసం ఆరుంపావు సెంట్ల పన్ను పడేలా లోవెల్ వాషింగ్టన్‌లో నాయకులను ఒప్పించిన సంగతీ ఆయన చెప్పినదే. ఆ దెబ్బ ముఖ్యంగా మన దేశం నుంచి వెళ్ళే చవక ముతక గుడ్డకు తగిలింది.

మొదటి మరమగ్గం కదలికను గంటల తరబడి కూర్చుని మురిసిపోతూ చూశామని కూడా ఆయన రాశారు. ఆయన అప్పుడు చూసినది ఒకే మగ్గం. ఆ లోవెల్ పేరే పెట్టిన లోవెల్ పట్టణంలోని బూట్ మిల్లు మ్యూజియంలో నడిపి చూపించే మగ్గాల గదిలో నేను నిలబడ్డాను. చెవులు మూసుకోకుండా ఉండలేని ఆ మోతలో రోజంతా పనిచేసిన రైతుబిడ్డలు 1834లో కూలి తగ్గించినందుకు, 1836లో వసతిగృహపు ఖర్చు పెంచినందుకు సమ్మె చేశారు. ఆయన కథనంలో ఆ సమ్మెల ఊసు లేదు.

అందుకే దీని పక్కన హారియెట్ రాబిన్సన్ జ్ఞాపకాలను కూడా చదవండి. నిండిన కండెలు తీసి ఖాళీవి పెట్టే పనిలో చేరిన ఆమె, పదకొండేళ్ళ వయసులో 1836 సమ్మెలోకి తన గదిలోని వారందరికంటే ముందు నడిచారు.