కారు కొనే ముందు మేనల్లుడికి నాలుగు మాటలు

అల్లుడూ,

నువ్వు కారు కొంటున్నావని, అదీ సన్‌రూఫ్ ఉన్న డీజిల్ ఎస్‌యూవీ అని అక్క ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. అంబాసిడర్‌తో మొదలుపెట్టి ముప్పై ఏళ్లుగా బండ్లు నడుపుతున్నవాణ్ణి కాబట్టి నువ్వు అడ్వాన్స్ కట్టకముందే చెప్తున్నా, డీజిల్ వద్దు.

కర్నూలులో నీ ఇంటికీ ఆఫీసుకూ ఆరు కిలోమీటర్లు. 2020 ఏప్రిల్‌లో బండ్ల పొగ తగ్గించే బీఎస్6 నిబంధనలు వచ్చాక డీజిల్ కార్లకు పొగ గొట్టం దారిలో డీపీఎఫ్ అని ఒక ఫిల్టర్ ఉంటోంది. పొగలోని మసి అందులో చేరుతుంది, అది కాలిపోవాలంటే ఫిల్టర్ బాగా వేడెక్కాలి, అంటే బండి అప్పుడప్పుడూ హైవే మీద పదిహేను ఇరవై నిమిషాలు ఒకే ఊపున పోవాలి. ఆరు కిలోమీటర్లలో ఇంజనే సరిగ్గా వేడెక్కదు. ఇక్కడ అనంతపురంలో నా స్నేహితుడొకడు పిల్లల్ని స్కూల్లో దింపడానికి, కూరగాయలకు తప్ప బండి తీసేవాడు కాదు. ఏడాది తిరగకముందే మీటర్‌లో లైటు వెలిగింది, పికప్ పడిపోయింది, షోరూముకు పోతే మీరు నడిపే తీరే తప్పన్నారు. అమ్మేటప్పుడు ఈ ముక్క ఒక్కరూ చెప్పలేదు! నాకు కోపం వచ్చేది ఇక్కడే. రోజుకు ఎంత తిరుగుతారు, ఏ రోడ్డు మీద తిరుగుతారు అని అడగకుండా కారు అమ్మడం ఏం పద్ధతి? వారానికి రెండుసార్లు హైదరాబాద్ పోయొచ్చేవాడికి డీజిల్ బంగారం, నీకు మాత్రం పెట్రోల్ చాలు.

సన్‌రూఫ్ గురించి పెద్దగా చెప్పను, మే నెలలో మన ఎండకు నువ్వే దాన్ని మూసిపెడతావు. ఆ డబ్బుకు ఆరు ఎయిర్‌బ్యాగులు, బండి జారితే అదుపులో ఉంచే ఈఎస్‌సీ ఉన్న వేరియంట్ వస్తుందేమో చూడు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో తయారైన కియా కారు సెల్టోస్ 2019 ఆగస్టులో రోడ్డెక్కినప్పుడు మన సీమలో కార్లు తయారవుతున్నాయని నేనెంత పొంగిపోయానో నీకు తెలుసు. మరుసటి ఏడాది కార్లను గుద్దించి చూసి ఎంత భద్రమో అయిదింటికి స్టార్లిచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో దానికి మూడు స్టార్లే వచ్చాయి, 2018లోనే టాటా నెక్సాన్ అయిదు తెచ్చుకుంది. అప్పట్నుంచి నేను మన ఊరి బండా కాదా అని చూడటం మానేశాను. 2023 అక్టోబర్ నుంచి మన దేశంలోనే భారత్ ఎన్‌క్యాప్ అని అలాంటి పరీక్షే ఉంది, నువ్వు కొనబోయే మోడల్‌కు ఏ ఏడాది పరీక్ష జరిగిందో చూసుకో. పాత మోడల్‌కు వచ్చిన స్టార్లు కొత్తదానికి చెల్లవు.

సెకండ్ హ్యాండ్ అయితే పెయింట్ మెరుపు చూసి మురిసిపోకుండా మోకాళ్ల మీద కూర్చుని టైరు పక్క గోడ చూడు. డీఓటీ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. గాడులు ఎంత లోతుగా ఉన్నా అంత పాత రబ్బరు గట్టిపడి ఉంటుంది, గాడుల మధ్య గోరు పెట్టి సన్నని పగుళ్లున్నాయేమో చూడు. నాలుగు టైర్ల అంకెలూ చూడు, స్టెప్నీని మర్చిపోవద్దు. ఇంకొకటి, ఎండాకాలం పేలతాయని టైర్లలో గాలి తగ్గించేవాళ్లను చాలామందిని చూశాను. అది పూర్తిగా తప్పు. గాలి తక్కువైతేనే టైరు పక్కలు ఎక్కువ వంగి, వేడెక్కి పగులుతాయి. డ్రైవర్ డోరు తీస్తే పక్కన స్టిక్కర్ మీద ఎంత కొట్టాలో రాసి ఉంటుంది, పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడు అంతే కొట్టించు.

ఇక నడపడం. మన 44వ నంబర్ హైవే బాగుందని అందరూ స్పీడు పెంచుతారు. డోన్ దాటి గుత్తి వైపు వస్తుంటే రాత్రిపూట ధాబాల ముందు వెనక లైట్లు లేకుండా లారీలు ఆగి ఉంటాయి, ఊరి దగ్గర ట్రాక్టర్ రాంగ్ రూట్‌లో ఎదురొస్తుంది. నీ హెడ్‌లైట్ వెలుగు ఎంత దూరం పడుతుందో ఆ లోపల ఆగగలిగే స్పీడులోనే పో. వెనక ఎవడో హారన్ కొడుతుంటే కొట్టనీ, దారిచ్చేయ్. శివరాత్రికి ఆత్మకూరు మీదుగా శ్రీశైలం పోతావు కదా, ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి కూర్చోకు, ఎక్కేటప్పుడు వేసిన గేర్‌లోనే దిగు, న్యూట్రల్ అసలే వద్దు.

అక్క వెనక సీట్లో బెల్టు పెట్టుకోదు. ఊపిరాడదంటుంది, చీర నలుగుతుందంటుంది. నువ్వు గట్టిగా చెప్పు. గుద్దుకున్నప్పుడు వెనకున్నవాళ్లు ముందు సీటు మీదికి ఎగిరి పడతారురా, ముందు కూర్చున్నవాళ్లకు కూడా ప్రమాదమే. ఆమె బెల్టు పెట్టుకునేదాకా ఇంజన్ స్టార్ట్ చేయకు, తిట్టినా సరే.

ఆదివారం పొద్దున ఫస్ట్ బస్సుకు వస్తున్నా. నువ్వు సెకండ్ హ్యాండ్ బండి ఏదైనా చూసిపెట్టి ఉంటే, దాని ఓనర్‌కు మనం వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయొద్దని చెప్పి పెట్టు, చల్లగా ఉన్న ఇంజన్ ఎలా అందుకుంటుందో నేను వినాలి. ఇంట్లో టార్చి ఉంటే తీసుకురా.

మీ మామ
అనంతపురం