16ఎస్ 99 శాతం కలిస్తే ఒకే స్పీషీస్ అని రాసేయొచ్చా?

రెండు మట్టి బ్యాక్టీరియాల 16ఎస్ (బ్యాక్టీరియాల్ని గుర్తుపట్టడానికి చూసే ఒక జీన్) 99 శాతం కలిసింది, ఒకే స్పీషీస్ అని థీసిస్‌లో రాయొచ్చా అని అడిగారు. రాయకండి. మీవి బాసిల్లస్ అయితే అసలే వద్దు.

నేను హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసేటప్పుడు చేవెళ్ల వైపు ఒక కంది చేలో ఎర్ర చెల్క మట్టి తెచ్చాం. దాన్ని నీళ్లలో కలిపి 80 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచితే స్పోర్లు (వేడిని తట్టుకునే గట్టి రూపాలు) కట్టేవే బతుకుతాయి. అలా వచ్చిన ఒక కాలనీ డీఎన్ఏని బయట ల్యాబ్‌కి పంపాం. వాళ్ల సంగతి చెప్పాలంటే మరో జవాబు రాయాలి: ఓసారి శాంపిల్ అందలేదంటారు, ఓసారి డీఎన్ఏ సరిపోలేదంటారు, డబ్బు మాత్రం ముందే కట్టాలి. చివరికి సీక్వెన్స్ వచ్చాక డేటాబేస్‌లో వెతికితే పై వరుసల్లో బాసిల్లస్ స్పీషీస్‌లే: సెరియస్, తురింజియెన్సిస్, పక్కనే ఆంత్రాసిస్! ఆంత్రాక్స్ తెచ్చేది అదే. ల్యాబంతా టెన్షన్. ప్లేట్లు ఎవరు ముట్టుకోవాలని గొడవ.

మా సీనియర్ అక్క మాత్రం గ్లౌజులు వేసుకుని స్లైడ్ మీద కూమాసీ బ్లూ రంగు పోసి, 100ఎక్స్ ఆయిల్ లెన్స్ కింద పెట్టి నన్ను పిలిచింది. పాలిపోయిన స్పోరు పక్కన ముదురు నీలంగా, పేకముక్క మీది డైమన్ గుర్తులాంటి స్ఫటికం. "పురుగుల్ని చంపే ప్రోటీన్ ఇదేరా. ఇది తురింజియెన్సిస్. పోయి చాయ్ తాగండి" అంది.

మరి 16ఎస్ ఎందుకు చెప్పలేకపోయింది? అది సుమారు 1,500 బేసులే. వీటి జీనోమ్ (మొత్తం డీఎన్ఏ) 50 లక్షల బేసులు దాటుతుంది. పైగా ఒకే కణంలో పదికి పైగా 16ఎస్ కాపీలుంటాయి, అవన్నీ అచ్చం ఒకేలా ఉండాలనీ లేదు. మొత్తం జీనోమ్‌లు పోల్చి ఏఎన్ఐ (అవి సగటున ఎంత శాతం కలుస్తాయన్న లెక్క) తీస్తే, 95-96 శాతం దాటినవాటిని ఒకే స్పీషీస్ అంటారు. ఒక్క 16ఎస్ పట్టుకుని కొత్త స్పీషీస్ కనిపెట్టామనే పేపర్లను ఎడిటర్లు చదవకుండానే వెనక్కి పంపాలి, నన్నడిగితే.

అయితే జీనోమ్ ఉంటే చాలని కూడా అనుకోకండి. స్ఫటికం జీన్లు ఎక్కువగా ప్లాస్మిడ్ల (క్రోమోజోమ్‌కి విడిగా ఉండే డీఎన్ఏ ముక్కల) మీదే ఉంటాయి. ఆంత్రాసిస్ విషం జీన్లూ అంతే. ప్లాస్మిడ్ పోగొట్టుకున్న తురింజియెన్సిస్‌కీ సెరియస్‌కీ తేడా పట్టడం కష్టం. పప్పుజాతి మొక్కలకి వేరుబుడిపెలు కట్టే రైజోబియం బ్యాక్టీరియాలదీ ఇదే తంతు. 1990ల్లో న్యూజిలాండ్ పొలాల్లో, బయటి నుంచి వేసిన మెసోరైజోబియంలో (అదీ ఒక రైజోబియమే) బుడిపెలు కట్టే జీన్లున్న 5 లక్షల బేసుల ముక్క అక్కడి మట్టిలోని బ్యాక్టీరియాకి దూకిందని తేలింది. ఇలా దూకే జీన్ల మీద వంశవృక్షం గీస్తే ఎవరెవరికి చుట్టమో తప్పుగా తేలుతుంది. అందుకే ఆ చెట్టుని క్రోమోజోమ్‌లోని కోర్ జీన్ల (పోల్చేవాటన్నిట్లోనూ ఉండే జీన్ల) మీదే గీయండి, ప్లాస్మిడ్లని విడిగా చూపండి.

జీనోమ్‌కి డబ్బుల్లేవని గైడ్ గారంటే కనీసం 16ఎస్ కన్నా బాగా తేడా చూపే జైర్‌బీ, ఆర్‌పీఓబీ జీన్ల సీక్వెన్సింగయినా చేయించండి. అదీ కాకపోతే, మీది కూడా ఈ మూడింటి దగ్గరే తేలితే, "సెరియస్ గ్రూపు" అని రాసి ఊరుకోండి, వైవాలో ఎవరూ తప్పు పట్టరు.